నలభై ఒకటో బాణం

“నలభై. తర్వాత నలభై రెండు. మధ్యది ఏదిరా?”

గస్పార్ బల్ల మీద పసుపుపచ్చ బాణాలు వరసగా పేర్చి మూడోసారి లెక్కపెడుతున్నాడు. సైకిళ్ళ షెడ్డు యజమాని ఎమరిక్ ఒక చక్రాన్ని తిప్పి చూస్తూ తల ఎత్తలేదు.

“గాలికి ఎగిరిపోయిందన్నారుగా పోలీసులు.”

“గాలి తీగ కత్తిరిస్తుందా? పొద్దున వెళ్ళి చూసొచ్చాను. స్తంభానికి ముక్క ఇంకా వేలాడుతోంది. కటింగ్ ప్లేయర్‌తో కోసినట్టు నున్నగా ఉంది.”

ఎమరిక్ చేతిలో చక్రం ఆగిపోయింది.

ఎల్లుండే ఆదివారం. మోర్వాన్ కొండల్లో కంకర దారుల వెంట తొంభై కిలోమీటర్ల సైకిలు యాత్ర. ఊరి క్లబ్బువాళ్ళు ఏటా కొత్త దారి వెతికి, మలుపు మలుపుకీ ఒక బాణం కడతారు. దాని వెనక నంబరు రాస్తారు. ఆఖరి మనిషి దాటాకే దాన్ని విప్పాలి. ఇరవై ఏళ్ళుగా ఆ విప్పే పని ఈ ఇద్దరు స్నేహితులదే. నిరుడు నలభై ఒకటి దాకా ఎమరిక్ వంతు. ఆ నలభై ఒకటి కొండ మీది చర్చి దగ్గర, దారి రెండుగా చీలేచోట ఉండేది. అది దాటితే ఊళ్ళోకి ఒకటే బాట, తప్పిపోవడానికి వీల్లేదు. అందుకని నలభై రెండు నుంచి గస్పార్ ముందుగానే విప్పుకుంటూ దిగిపోయాడు.

గస్పార్ కొడుకు తిబో టైరు పంక్చరై వెనకబడ్డాడు. లిల్ నగరంలో ఉద్యోగం, ఈ దారులు తెలియవు. తండ్రి పోరు పడలేక యాత్రకి వచ్చాడు. పొగమంచులో ఒంటరిగా చర్చి దగ్గరికి చేరేసరికి అక్కడ బాణం లేదు. కుడివైపు తిరిగాడు. అటు పాత రాళ్ళ క్వారీ ఉంది. పిల్లాడికి ఇరవై నాలుగేళ్ళు. ఈసారి యాత్రకి వాడి పేరే పెట్టారు.

“నా ముక్కు నాకే కనపడలేదు ఆ రోజు. అయినా నేను చర్చి దాటాకే మొదలుపెట్టాను,” అన్నాడు గస్పార్. “నువ్వొచ్చేసరికే అది లేదన్నావు. తర్వాత రెండు సంచులూ ఖాళీ చేసి పెట్టెలో సర్దింది నువ్వేగా?”

“నేనే.”

“అందులో లేదు. మరి పీకిందెవడు? ఆ పుజోల్‌గాడే. సైకిళ్ళని చూసి ఆవులు బెదురుతున్నాయని ఇదివరకు రెండుసార్లు మన బాణాలు పీకేశాడు.”

“అది పాత సంగతిరా. మొన్న తిబో సమాధి మీద పూలు కూడా పెట్టి వెళ్ళాడు.”

“చేసిన పని నిద్రపట్టనివ్వక పెట్టుంటాడు.”

ఎమరిక్ భార్య సొలాంజ్ కాఫీ పట్టుకొచ్చింది. గస్పార్ కప్పు అందుకున్నాడు గానీ తాగలేదు.

“నీ కాఫీ ఒక్క గుక్క పోస్తే సైకిలు దానంతటదే కొండెక్కుతుందనేవాడు తిబో,” అన్నాడు.

“అనేవాడు వెధవ. అని, రెండో కప్పు అడిగేవాడు,” అంది సొలాంజ్. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, “గస్పార్, వ్యాన్‌లో తుపాకీ ఎందుకు? వేట ఇంకా మొదలవలేదుగా,” అంది.

“నాకు మొదలైంది.”

కప్పు బల్ల మీద పెట్టి లేచాడు. ఎమరిక్ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

“కూర్చో.”

“తప్పుకోరా. పుజోల్ పాలు పితికే వేళ. కొట్టంలోనే ఉంటాడు.”

“వాడు కాదు.”

“నీకెలా తెలుసు?”

ఎమరిక్ వెనక్కొచ్చి కింది సొరుగు లాగి, నూనె గుడ్డల అడుగునుంచి ఒక బాణం తీశాడు. నలభైకీ నలభై రెండుకీ మధ్యనున్న ఖాళీలో పెట్టాడు. దానికి తీగ ముక్క ఇంకా చుట్టుకునే ఉంది.

“నేనే పీకాను,” అన్నాడు.

గస్పార్ దాన్ని వెనక్కి తిప్పి నంబరు చూశాడు. బొటనవేలితో తుడిచి మళ్ళీ చూశాడు.

“తిబో పక్కన ఆగి టైరు మార్చుకుంటుంటే పొగమంచులో చూడకుండా దాటొచ్చేశాను,” అన్నాడు ఎమరిక్. “అందరూ వెళ్ళిపోయారనుకుని విప్పేశాను. నేను వచ్చేసరికే లేదని పోలీసులకి అబద్ధం చెప్పాను.”

“వాడి శవపేటిక మోశావు నువ్వు. నా పక్కనే నడిచావు.”

“నడిచాను.”

“ఆదివారం ఆదివారం మా ఇంటికొచ్చి సూప్ తాగావు.”

“చెబుదామనే వచ్చేవాణ్ణి. నోరు పెగిలేది కాదు.”

“పోరి పోరి వాణ్ణి రప్పించింది నేనేనని, క్రిస్మస్‌కి ఆ తుపాకీ నా గొంతు కింద పెట్టుకుంటే లాక్కున్నావు కదరా,” అన్నాడు గస్పార్. “అప్పుడైనా చెప్పలేకపోయావా?”

ఎమరిక్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. చేతులకి మరకలేమీ లేవు.

గస్పార్ బయటికి వెళ్ళాడు. వ్యాన్ తలుపు తెరుచుకుంది. తుపాకీతో తిరిగొస్తున్నవాణ్ణి చూసి సొలాంజ్ మొగుడి ముందుకి వచ్చి నిలబడింది. గస్పార్ తుపాకీ గడప మీద పెట్టాడు.

“ఇది ఇక్కడే ఉండనీ. నా దగ్గరుంటే నిన్ను చంపుతాను,” అన్నాడు. “నా గడప తొక్కకు. నేను చచ్చానని తెలిసినా రాకు.”

వ్యాన్ కంకర మీద చప్పుడు చేసుకుంటూ పోయింది. అది పుజోల్ ఇంటివైపు కాకుండా సొంత ఇంటివైపు తిరిగేదాకా ఎమరిక్ చూశాడు. తర్వాత స్టూలు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“నలభై ఏళ్ళ స్నేహం,” అంది సొలాంజ్. “ఇక మాట్లాడడేమో.”

“మాట్లాడడు.”

ఆమె తుపాకీ లోపలికి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసింది.

నిరుడు రెండు సంచులూ ఖాళీ చేసినప్పుడు ఎమరిక్‌కి ఆ బాణం దొరికింది గస్పార్ సంచిలో.