మీ ఇష్టం

ఫిట్టరుకు రోబో మీద కోపం లేదు. కోపమంతా ముందు వరసలో కూర్చునే నసగాడి మీదే.

వృద్ధుల సంఘం హాల్లో ప్రతి మంగళవారం క్లాసు. నడుమెత్తు రోబో ఒకటి చక్రాల మీద తిరుగుతూ, ఆఖరి రోజుల్లో చేసే వైద్యం గురించి చెబుతుంది. ఎవరికేం కావాలో అడిగి రాసుకుంటుంది.

ఫిట్టరు భార్యకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. "ఊపిరి కోసం నా నోట్లో గొట్టాలొద్దు. మీతో మాట్లాడుతూ మాట్లాడుతూ పోవాలి" అని ఇంట్లో తేల్చి చెప్పింది. ఆ ముక్క కాగితం మీదికి ఎక్కించడానికే ఇద్దరూ వస్తున్నారు.

నసగాడు వదిలితేగా!

"గొట్టం ఎంత లావుంటుంది?" అన్నాడు.

"చిటికెన వేలంత" అంది రోబో.

"అది నోట్లో ఉంటే మాట్లాడొచ్చా?"

"మాట్లాడలేరు."

"మరి తీసెయ్యమని ఎట్లా చెప్పాలి?"

హాలంతా నవ్వింది. ఫిట్టరు మాత్రం విసుక్కున్నాడు. "పోయిన వారమూ ఇదే అడిగావు పెద్దాయనా! ఇంట్లో నీ మాట వినేవాళ్ళు లేరా?"

"లేరు నాయనా. అందుకే దీని బుర్ర తింటున్నా."

చివరికి ఫిట్టరు భార్య వంతు వచ్చింది.

"అమ్మా, ఊపిరి అందకపోతే మీకు గొట్టం వెయ్యాలా, వద్దా?" అంది రోబో.

అంతమంది ముందు చావు మాట. ఆమె మొగుడి వైపు తిరిగి "మీ ఇష్టం" అంది. మీరే చెప్పండి అని దానర్థం.

"వద్దని రాసుకో" అన్నాడు ఫిట్టరు.

"రాసుకున్నాను" అంటూ రోబో కాగితం అచ్చేసి ఇచ్చింది.

నసగాడు లేచాడు. "ఆగండాగండి. ఏం రాసుకుందో చదవండి."

"నీ నస అయ్యేదాకా బస్సు ఆగుతుందా?" ఫిట్టరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నసగాడు మెట్ల దాకా వెంటపడ్డాడు. "ఒక్కసారి చదువు నాయనా..."

"నా పెళ్ళాం మాట నాకు తెలీదా? వెళ్ళవయ్యా!"

రెండు నెలలకు ఆమెకు ఊపిరి అందలేదు. ఆసుపత్రిలో ఆ కాగితం విప్పారు. రోబో రోగి నోటి మాటే లెక్కలోకి తీసుకుంటుందట; ఆమె 'మీ ఇష్టం' అన్నది డాక్టర్లతో అన్నట్టు పట్టుకుంది. 'నిర్ణయం వైద్యుల ఇష్టానికి వదిలారు' అని ఉంది.

ఫిట్టరు కాళ్ళావేళ్ళా పడ్డా డాక్టర్లు వినలేదు. గొట్టం వేశారు. పందొమ్మిది రోజులు ఆమె కళ్ళతోనే ఏదో చెప్పబోయింది. ఇరవయ్యో రోజు అదీ లేదు.

ఫిట్టరు హాలుకొచ్చి రోబోను తన్నబోయాడు. హాలు చూసుకునే ఆవిడ అడ్డం పడింది.

"దాన్ని తంతే ఏమొస్తదన్నా? ఆ పెద్దాయన ఉంటే దాని తప్పు దిద్దించేవారు. పోయిన నెలే పోయారు."

"ఆ నసగాడా? వాడికేం తెలుసు?"

"దానికి పాఠం నేర్పిందే ఆయన. మీరంతా అడగడానికి సిగ్గుపడేవి ఆయన అడిగేవారు."

"ఎవరాయన?"

"'మీ ఇష్టం డాక్టరుగారూ' అన్న ప్రతి మనిషికీ ముప్పై ఏళ్ళు తన చేత్తో గొట్టం వేసినాయన."