అదే కొలత, అదే అతుకు

“మీరు ఆ మిషను ఆపకపోతే కరెంటు తీగ పీకేస్తాను, మావయ్యా,” అంది కోడలు, పెరటి షెడ్డు గుమ్మంలో నిలబడి.

ముసలి వెల్డరు గ్రైండరు ఆపి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు. బల్ల మీద అట్టముక్క నమూనా, దాని పక్కనే కోసి నునుపు చేసిన ఇనుప పలకలు.

“పీకెయ్యి తల్లీ. మళ్ళీ పెట్టుకుంటాను. నాకింకేం పనుంది?”

“చేసి ఏ బండికి బిగిస్తారు? బండి నది అడుగున ఉంది.”

“బిగించడానికి కాదమ్మా. విరగ్గొట్టడానికి.”

కొడుకు తన జీపుకు కొత్త స్టీరింగు బాక్సు తెచ్చుకున్నప్పుడు, దాన్ని చట్రానికి పట్టి ఉంచే బ్రాకెట్ ఏ దుకాణంలోనూ దొరకలేదు. తండ్రే ఈ షెడ్డులో కొలిచి, కోసి, అతికించి ఇచ్చాడు. ఆ జీపు వంతెన మీద, ఎదురు బండి లేని తిన్నని దారిలో, ఉన్నట్టుండి పక్కకు తిరిగి నదిలో పడింది. కొడుకు శవమై దొరికాడు, బండి దొరకలేదు. బ్రాకెట్ విరిగి స్టీరింగు పట్టు తప్పి ఉంటుందని అందరూ అన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు అతని మొహం చూడలేక, అతని చేతులు చూశారు.

“అదే పలకలో మిగిలిన ముక్క. అదే వెల్డింగు రాడ్డు, అదే చెయ్యి. ఇది విరిగిందా, నా కొడుకును నేనే పొట్టన పెట్టుకున్నట్టు.”

“విరిగిందనే అనుకుందాం. నేను మిమ్మల్ని ఓ మాటన్నానా?”

“అనలేదు. అదే గుచ్చుకుంటోంది. అన్నం పెట్టి పక్కన కూర్చుంటావు చూడు, ముద్ద గొంతు దిగదు. గోడలు కూలినా నా గేట్లు నిలబడతాయని జనం నవ్వేవారు. అలాంటి చెయ్యి కన్నకొడుకు దగ్గరే తప్పిందా?”

“ఇప్పుడు తెలుసుకుని ఎవర్ని ఉద్ధరించాలి?”

“నన్నే.”

అతను ముసుగు దించుకున్నాడు. నీలి వెలుగు షెడ్డంతా వణికింది. ఆమె మొహం తిప్పుకుంది గాని, గుమ్మం వదల్లేదు. పైన గడ్డకట్టిన చిట్టెం కొట్టేస్తే, అతుకు చేప పొలుసుల్లా వరుసగా బయటపడింది. నీళ్ళు పోస్తే అతుకు పెళుసవుతుందని, దానంతట అది చల్లారేదాకా కూర్చున్నాడు.

తరవాత బ్రాకెట్‌ను బల్ల అంచునున్న వైసు దవడల మధ్య బిగించి, బోల్టులతో పొడవాటి గొట్టం తగిలించి, దాని మీద తన బరువంతా వేసి వేలాడాడు. కదల్లేదు. గొట్టం కింద జాకీ పెట్టి ఎత్తసాగాడు.

“చాలు మావయ్యా.”

“ఇంకా కాదు.”

గొట్టం విల్లులా వంగింది. బల్ల కిర్రుమంది. వైసును పట్టిన మేకులు చెక్కలోంచి ఊడి లేచాయి. బ్రాకెట్ మాత్రం అలాగే ఉంది.

అతను దాన్ని విప్పి, కిరోసిన్ పూసి, తుడిచి, పైన సుద్దపొడి రాశాడు. లోపల వెంట్రుకంత బీట ఉన్నా కిరోసిన్ పైకి ఊరి, నల్లని గీతై కనిపించాలి. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు. సుద్ద తెల్లగానే ఉంది. మరీ మరీ చూశాడు. తెల్లగానే ఉంది.

ఇనుప రజను మీదే చతికిలబడి, కొడుకు పోయాక మొట్టమొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చాడు.

“నా చెయ్యి కాదమ్మా. నేను కాదు. స్టీరింగు చివరిదాకా వాడి మాట వింది.”

కోడలు గుమ్మం పట్టుకుని, మెల్లగా కిందికి జారిపోయింది.

“అదేంటి తల్లీ, భయపడ్డావా? బరువు దిగిపోయింది కదా. నువ్వూ ఊరటపడు.”

“అది విరిగిందన్న నమ్మకంతోనే బతుకుతున్నాను, మావయ్యా,” అంది ఆమె. “విరగలేదంటే, బండిని నదిలోకి ఆయనే తిప్పారు.”