చేప ముల్లు

సూపర్‌వైజరైన మొదటి రోజు కూడా సంపత్ సత్తుపల్లి బొగ్గు గనిలో కాశయ్య పక్కనే కూర్చుని క్యారేజీ విప్పాడు. సీనియారిటీ ప్రకారం ఆ ప్రమోషన్ కాశయ్యది.

“చేప తెచ్చిన. ఆగు, నీకు ముండ్లు తియ్యరాదు,” అంటూ కాశయ్య గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. “మొన్న పెద్దసారు పిలిచిండ్రా. నీ కండ్లు మసకైనయంట, సంపత్ చెప్పిండు అన్నడు.”

ఇంటర్వ్యూలో ఆ అబద్ధం చెప్పిన సంపత్ చేతిలో ముద్ద ఆగింది.

“నువ్వేమన్నవ్, బాబాయ్?”

“అవ్ సారూ అన్న.”

“ఎందుకన్నవ్?”

“కాదంటే నువ్వు అబద్ధమాడినట్టయితది. నీ నౌకరి ఏం గావాలె?”

వెంట్రుకంత ముల్లును కాశయ్య గోటితో తీసి మూత అంచున పెట్టాడు.

“ఇగ తిను, సూపర్‌వైజరూ.”

ముల్లు లేని ఆ ముక్క సంపత్ గొంతు దిగలేదు.