గుమ్మం ముందు రెండో జత

మా వీధిలో కాపురాలే ఉండాలి, దుకాణాలు ఉండకూడదని ప్రకటించారు. అప్పటినుంచి స్తంభం మీది కెమెరా కన్ను గుమ్మాల ముందు చెప్పులు లెక్కపెడుతోంది. ఆరు జతలు దాటితే దుకాణం, రెండుకన్నా తగ్గితే ఖాళీ ఇల్లు. రెంటికీ తాళమే.

జాకెట్లు కుట్టే హైమవతి ఒంటరి మనిషి. ఆమెది దుకాణమని ఎదురింటి కోదండపాణి గారు ఫిర్యాదు చేశాక, వచ్చినవాళ్లను చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి రమ్మంది.

“ఒక్క జతే. ఖాళీ ఇల్లు!” అని అరిచింది స్తంభం.

కోదండపాణి గారే పరుగెత్తుకొచ్చి తన చెప్పులు అక్కడ విడిచారు.

“మా ఆవిడ జాకెట్టు లోపలుందమ్మా, రేపు పెళ్లికెళ్లాలి! తాళం పడితే నన్ను బతకనివ్వదు.”

ఆయన ఉత్తకాళ్లతో ఇల్లు చేరేలోగా స్తంభం ఆ ఆలుమగల గుమ్మం వైపు తిరిగింది.

“ఒక్క జతే...”