వదులు బెల్టు

"ఈ రెండింట్లో ఏది తప్పుగా బిగిస్తే గట్టిగా అరుస్తుంది, మేస్త్రీ గారూ?"

మేస్త్రి చేతిలోని గుడ్డ జారి నూనె పళ్ళెంలో పడింది. ముప్పై ఏళ్ళుగా ఈ షెడ్డుకి వచ్చినవాళ్ళంతా ఏది బాగా లాగుతుంది, ఏది ఎక్కువ మన్నుతుంది అని అడిగారే గానీ, ఇలా అడిగిన మహానుభావులు ఒక్కరూ లేరు. పైగా అడిగింది ఎవరో ఆకతాయి కాదు, హైస్కూల్లో లెక్కలు చెప్పే టీచరు.

బల్ల మీద పక్కపక్కనే పెట్టిన రెండు పరికరాల్నీ మళ్ళీ చూపించాడు.

"ఇంకోసారి చెప్తాను టీచర్ గారూ. రెండూ చేసే పని ఒకటే. ఇంజను తనంతట తాను పీల్చే గాలి చాలదని, ఇంకాస్త దాని నోట్లో కుక్కుతాయి. ఈ టర్బోని ఇంజను వదిలే పొగే తిప్పుతుంది. ఈ సూపర్‌ఛార్జర్‌ని బెల్టు వేసి ఇంజనుతో తిప్పించాలి. అయినా బడికీ ఇంటికీ తిరిగే బండికి ఇవన్నీ ఎందుకమ్మా?"

"బెల్టు వదులైతే ఏమవుతుంది?"

"జారిపోతూ కీచుమంటుంది. వీధి చివరిదాకా వినపడుతుంది."

"ఇంజనుకేమైనా ప్రమాదమా?"

"ఒక పూటకి ఏం కాదు. బండి లాగదు, చెవులు చిల్లులు పడతాయి, అంతే."

"అయితే అదే పెట్టండి. బెల్టు వదులుగానే బిగించండి."

వేళాకోళమేమోనని మేస్త్రి నవ్వాడు. టీచరు నవ్వలేదు.

అందరూ అతన్ని చెవి మేస్త్రి అంటారు. బానెట్ ఎత్తకుండానే, వచ్చే చప్పుడుని బట్టి రోగం చెప్పేస్తాడు. అలాంటివాడి షెడ్డులోంచి కీచుమంటూ బండి బయటికెళ్తే ఇన్నేళ్ళ పేరూ ఒక్క పూటలో మట్టికొట్టుకుపోతుంది. పక్క వీధిలో కొత్తగా షెడ్డు తెరిచినవాడు ఇలాంటిదాని కోసమే కాచుకుని కూర్చున్నాడు. కొంపదీసి వాడే ఈవిణ్ణి పంపించాడా అని మేస్త్రికి అనుమానం వచ్చింది.

బండి బానెట్ ఎత్తి చూస్తే అయోమయం ఇంకా పెరిగింది. బయట రంగు సగం గీకేసి ఉంది, వెనక సీటే లేదు. ఇంజను మాత్రం ఎవరో ప్రాణం పెట్టి కూర్చారు. ప్రతి బోల్టు మీదా ఎంత బిగించిందీ తెలిసేలా తెల్లరంగు చుక్క పెట్టారు. సూపర్‌ఛార్జర్ కూర్చోబెట్టడానికి పట్టీ కూడా చేసి సిద్ధంగా ఉంచారు.

"ఇంత బాగా చేసింది ఎవరమ్మా?"

"మా అబ్బాయి."

"మరి మిగతాది కూడా అతనే..."

"ఇప్పుడు చెయ్యట్లేదు," అని టీచరు ముఖం పక్కకి తిప్పుకుంది.

మేస్త్రి నాలిక్కరుచుకున్నాడు. ఇంకేం అడగబుద్ధి కాలేదు. కానీ కొడుకు అంత అపురూపంగా చేసిన పనిని తల్లే ఎందుకు పాడు చెయ్యమంటోందో ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అంతు చిక్కలేదు.

మధ్యాహ్నం అన్నం దగ్గర భార్యతో చెప్పుకున్నాడు.

"పాపం, ఆవిడకి మతి పోయిందేమో," అంది భార్య.

"పోయింది ఆవిడకి కాదే, నాకు!"

మూడు రోజుల్లో సూపర్‌ఛార్జర్ బిగించాడు. బెల్టు మాత్రం చక్కగా, ఎంత బిగువు ఉండాలో అంతే ఉంచాడు. చెయ్యి మాట వినలేదు మరి. టీచరు వచ్చి స్టార్ట్ చేయించుకుంది. ఇంజను సన్నగా, నిండుగా ఈలేసింది. ఎవరికైనా ఒళ్ళు పులకరించాల్సిన చప్పుడది. ఆవిడ ముఖం వాడిపోయింది.

"ఇలా కాదు మేస్త్రీ గారూ. బాగుంటే లాభం లేదు."

"నా పేరేం కానమ్మా? తప్పు పని ఎలా చెయ్యమంటారు?"

"ఒక్క పూట. మీ కాళ్ళు పట్టుకుంటాను."

అంత పెద్దావిడ ఆ మాట అనేసరికి మేస్త్రి ఇక కాదనలేకపోయాడు. పళ్ళు బిగబట్టి బెల్టు వదులు చేశాడు. ఆవిడ ఇంటిదాకా తనే నడుపుతానన్నాడు. పని కాగానే అక్కడే బిగించెయ్యొచ్చని స్పానర్ జేబులో వేసుకున్నాడు.

దారి పొడుగునా బండి కీచుకీచుమంది. తెలిసినవాళ్ళు ఆగి మరీ చూశారు. మేస్త్రి తల దించుకుని నడిపాడు.

"ఇంటి ముందు ఆపండి. ఇంజను ఆపకండి. యాక్సిలరేటర్ తొక్కుతూ ఉండండి," అంది టీచరు.

తొక్కాడు. ఎదురింటి పెద్దాయన పేపరు పట్టుకునే బయటికొచ్చాడు. "ఎవడయ్యా బాగు చేసింది? ఆ చెవి మేస్త్రికి చూపించండమ్మా!" అని అరిచాడు. మేస్త్రికి సిగ్గుతో చచ్చినంత పనయింది. టీచరు అవేవీ విననట్టు మేడ మీద మూసి ఉన్న కిటికీ వైపే చూస్తూ, "ఇంకా తొక్కండి, ఇంకా," అంటోంది.

పది నిమిషాలయింది. ఇక నా వల్ల కాదని మేస్త్రి తాళంచెవి మీద చెయ్యి వేశాడు.

అంతలో వీధి తలుపు తెరుచుకుంది. మెడదాకా పెరిగిన జుట్టు, మాసిన గడ్డం, కాళ్ళకి చెప్పులైనా లేని కుర్రాడొకడు ఎండకి కళ్ళు చికిలిస్తూ దిగివచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. ఇంజను ఆపమని సైగ చేసి, బానెట్ ఎత్తి, బెల్టుని బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఏ దద్దమ్మ బిగించాడమ్మా దీన్ని? స్పానర్ ఉందా?"

మేస్త్రికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్పానర్ జేబులోంచి లాగి, కడిగి పారెయ్యడానికి నోరు తెరిచాడు.

టీచరు గబుక్కున అతని మోచెయ్యి పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు ధారలు కడుతుంటే చెవిలో చెప్పింది.

"రెండేళ్ళయింది మేస్త్రీ గారూ, వాడు గది గడప దాటి."