పోయిన డిస్కు

ఆవిడ మా కంప్యూటర్ రిపేరు షాపుకి హార్డ్ డిస్కు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“మా కంప్యూటర్‌కి పెడితే ఖాళీ, ఫార్మాట్ చెయ్యమంటోంది. మా చెల్లెలి కంప్యూటర్లో అన్నీ కనిపిస్తున్నాయి. ఇదేం వింత బాబూ?”

నాకు నవ్వొచ్చింది. “వింతేం లేదమ్మా. దీంట్లో రాసిన కంప్యూటరూ, మీ చెల్లెలిదీ ఒక జాతివి. మీది వేరే జాతి. దానికా రాత చదవడం రాదు, అందుకని ఖాళీ అంటుంది.”

“రెండేళ్ళ కిందట ఒక మెకానిక్ ఇది చచ్చిపోయిందన్నాడు.”

“ఎవడా వెధవ? ఇంకో సిస్టమ్‌కి తగిలించి చూడాలన్న ఇంగితం కూడా లేదా? స్క్రూడ్రైవర్ పట్టుకున్న ప్రతివాడూ మెకానికే! వాడు ఫార్మాట్ కొట్టి అంతా చెరిపెయ్యలేదు, మీ అదృష్టం.”

“మా ఆయన గొంతు ఇందులోనే ఉంది. ఆయన పోయాక ఈ రెండేళ్ళూ అది వినకుండానే బతికాను.”

ఒళ్ళు మండింది. “పట్టుకెళ్ళి వాడి మొహాన కొట్టండి.”

“అందుకే వచ్చాను,” అంటూ ఆవిడ డిస్కు తిరగేసింది.

వెనకాల మా షాపు స్టిక్కరు. పనికిరాని ప్రతి డిస్కుకీ అంటించేదే. దాని మీద ‘పోయింది’ అని నా చేతిరాత.