పదకొండింటిలోగా తెరవాల్సిన తలుపు

"తలుపు తెరుచుకోవట్లేదు మాస్టారూ!"

మొదటి రింగు పూర్తికాకముందే ఫోనెత్తారు మాస్టారు. ఎలక్ట్రానిక్ తాళాలు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో అందరికంటే పెద్దాయన, ఫోన్ చేసిన అమ్మాయికి పని నేర్పినాయన.

"తెలుసు. తాళంలో ప్రోగ్రాం నిలిచిపోయింది. కంగారుపడకు," అన్నారు.

ఎలా పడకుండా ఉంటుంది? ఆ ప్రోగ్రాం రాసింది తనే. నిన్ననే స్టోర్‌రూమ్ తలుపుకి ఆ తాళం బిగించారు. పదకొండింటికి కొనేవాళ్లొస్తున్నారు. చూపించాల్సిన నమూనాలన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. ఈ ఆర్డరు పోతే కంపెనీ మూతేనని యజమానురాలు ముందే చెప్పేసింది. తమ తలుపే తీసుకోలేని వాళ్ల దగ్గర తాళాలెవడు కొంటాడు!

"గునపం తెప్పించనా?" యజమానురాలు వెనకనుంచి అడిగింది.

"వద్దని చెప్పు," అన్నారు మాస్టారు ఫోన్లో. "పగిలిన తలుపు చూపించి తాళాలమ్ముతామా? తలుపు పైన బయటివైపు చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టాను కదా, దాన్నుంచి తాళం చిప్‌ని రీసెట్ చెయ్యొచ్చు. కానీ దాన్లో ఉన్న, చిప్‌తో మాట్లాడే డీబగ్ సాఫ్ట్‌వేర్ పాతది, ఈ కొత్త చిప్‌ని గుర్తుపట్టదు. కొత్త వెర్షన్ సోర్స్ నెట్‌లో ఉచితంగా ఉంది. దించుకుని కంపైల్ చెయ్యి, నడిచే ప్రోగ్రాంగా మారుతుంది. బోర్డుకి అంత ఓపిక లేదు, నీ లాప్‌టాప్‌లోనే చెయ్యి."

"మీరే వచ్చి చెయ్యొచ్చుగా?"

"వచ్చే పరిస్థితి లేదు తల్లీ."

ఆమెకి ఒళ్లు మండింది. ఇక్కడ కొంపలంటుకుంటుంటే ఈయన కాలుమీద కాలేసుకుని పాఠం చెబుతున్నారు! అయినా పళ్లబిగువున కంపైల్ చేసింది. లాప్‌టాప్‌లో నడిపి చూస్తే చక్కగా నడిచింది. బోర్డులోకి పంపితే మొండికేసింది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇది ఇంట్లోనే గెలిచింది మాస్టారూ!"

ఆయన నవ్వారు. "ఏ మెషీన్ కోసం కడుతున్నావో కంపైలర్‌కి చెప్పావా? చెప్పకపోతే ఏ మెషీన్ మీదుంటే దానికే తయారవుతుంది."

"నా మతి మండ! బోర్డు ప్రాసెసర్ పేరు ఇవ్వడమే మర్చిపోయాను."

"అందరూ చేసే తప్పే. నేను మూడుసార్లు చేశాను. అది వాడుకునే లైబ్రరీ కోడ్ కూడా బోర్డు కోసమే మళ్లీ కట్టు. నిదానంగా చెయ్యి. ముందు నువ్వు కంగారుపడకూడదు."

పదీ నలభై అయింది. గునపం రానే వచ్చింది. యజమానురాలు దాన్ని గోడకానించి గడియారంవైపు చూస్తోంది.

"ఇంకో పది నిమిషాలు మేడమ్, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలుకుంది ఆమె. ఫోన్లో మాత్రం ఉన్న కోపమంతా కక్కేసింది. "ఇంత జరుగుతుంటే మీకు చీమ కుట్టినట్టైనా లేదు కదా మాస్టారూ!"

"ఉందమ్మా, చాలా ఉంది. నువ్వు కానివ్వు."

మళ్లీ మొదట్నుంచీ కట్టింది. ఈసారి లాప్‌టాప్ దాన్ని నడపనంది. హమ్మయ్య, బోర్డుకే తయారైందన్నమాట, మంచి శకునమే అనుకుంది. బోర్డులోకి పంపి నడిపింది. తెర మీద చిప్ పేరు పడింది.

"దొరికింది మాస్టారూ!"

"శభాష్. రీసెట్ కొట్టు."

కొట్టింది. టక్కుమని గడి వెనక్కి జరిగింది. ఆమె ఒక్క ఉదుటున లేచి తలుపు తోసింది.

లోపల ఫోన్ చెవిన పెట్టుకుని మాస్టారే కూర్చుని ఉన్నారు.